చుక్కను ముట్టే ముందు

కుంచె కొనను నాలుకతో తడిపినప్పుడు తగిలే రంగు చేదు ఇవాళ పొద్దున ఎందుకో గొంతు దాకా దిగింది. పదేళ్ళుగా తింటున్న చేదే, కొత్తేమీ కాదు. చీకటిగదిలో ఫోటో ముద్రించేటప్పుడు ఫిల్ము మీద ధూళి ఉంటే కాగితం మీద తెల్లచుక్క పడుతుంది. పక్కనున్న బూడిదరంగు ఎంత ఉందో సరిగ్గా అంతే రంగు సన్నటి కుంచెతో పెట్టి దాన్ని మూయాలి. ఫిల్ముకే చిల్లు పడితే నల్లచుక్క వస్తుంది. దానికి కుంచె పనికిరాదు, బ్లేడు మొనతో గీకాలి. మా పనిలో దీన్ని స్పాటింగ్ అంటారు. ఇవాళ నా బల్ల మీద ఉన్నది నాకు ఈ పని నేర్పిన మునక్క ఫోటో. తెల్లచుక్కలన్నీ మూశాను. ముక్కు పక్కన ఒక్క నల్లచుక్క మిగిలింది. కృష్ణగిరిలో ఉన్న ఆమె కూతురు ఫోన్ చేసి, "ముక్కు మీద మచ్చ ఒగటి ఉండాది, అది తీసెయ్యక్కా, ఇంట్లో పెద్దగా తగిలిస్తాము" అని చెప్పింది. బ్లేడు తీశాను, పెట్టేశాను, మళ్ళీ తీశాను. టీ కాచుకున్నాను, తాగలేదు. గేటు దాకా నడిచి వెనక్కి వచ్చాను. అది ఫిల్ములో చిల్లు కాదని నాకు బాగా తెలుసు.

ఇలా కాలు ఒకచోట నిలవకపోవడం కూడా మునక్క దగ్గర అంటుకున్నదే. అసలు పేరు మునిలక్ష్మి. హోసూరులో ఒక పెళ్ళి ఫోటోల స్టూడియోలో చీకటిగది పని చేసేది. డిజిటల్ వచ్చాక స్టూడియోలన్నీ పాత సామాను గుజిరీ కొట్టుకు తూకానికి వేస్తుంటే ఆ యంత్రాలను ఒక్కొక్కటిగా తెచ్చుకుని, బాగలూరు రోడ్డులో గులాబీ తోటల పక్కన రేకుల షెడ్డులో పెట్టుకుంది. పిచ్చి పట్టిందన్నారట అందరూ. కొన్నాళ్ళకు బెంగళూరు నుంచి కార్లు రావడం మొదలైంది. ఫోటోలను గ్యాలరీలలో గోడకు తగిలించి అమ్మే ఫోటోగ్రాఫర్లలో కొందరు ఇంకా ఫిల్ములోనే తీసేవాళ్ళు. చేత్తో ముద్రించేవాళ్ళు దొరక్క వాళ్ళంతా ఈమెను వెతుక్కుంటూ వచ్చారు. ఆమె మాత్రం ఎవరొచ్చినా కూర్చునేది కాదు. మందునీళ్ళ ట్రేల చుట్టూ తిరుగుతూనే మాట్లాడేది, నిలబడే అన్నం తినేది. పదిమంది బాగుందన్న ప్రింటును కూడా చించి మళ్ళీ మొదలుపెట్టేది.

నేను ఆమె దగ్గరికి వచ్చేటప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. అంతకుముందు ఒక ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర పని. ఎనిమిది గంటలూ ట్యూబులైటు కింద మెరిసే ఇనుప ముక్కలను తిప్పితిప్పి చూడడం, గీత కనిపిస్తే ఎర్ర డబ్బాలో పడేయడం. సూపర్వైజరుతో గొడవపడి బయటికి వచ్చేశాను. మా అమ్మ నాతో నెలరోజులు మాట్లాడలేదు. మునక్క నా చేతికి ఒక ప్రింటు ఇచ్చి ధూళి ఎన్ని చోట్ల ఉందో చూపమంది. ముప్పై ఒకటి చూపించాను. ఆమె లెక్కలో ముప్పయ్యే ఉన్నాయి.

"కన్నుండాది నీకు" అంది. "బుద్ధి ఉండాదో లేదో నిదానంగా చూస్తాము."

ఆమె పెట్టిన నియమాలు రెండే. మొదటిది, చుక్క కనిపిస్తే చెయ్యి పోకూడదు, ముందు భూతద్దం పోవాలి. అనుమానముంటే తీసినవాళ్ళను అడగాలి. ఇంత చిన్నదానికి అడగడమేమిటని నేను విసుక్కుంటే, "గోడమీద వాళ్ళ పేరుంటుంది. తప్పుమీద మన పేరుంటుంది. అడిగితే నోరు అరిగిపోదులే" అనేది. రెండోది ఫోటోగ్రాఫర్లకు. ఏ మనిషి బొమ్మ తీసినా ఒక ప్రింటు ఆ మనిషికి ఇవ్వాలి. వాళ్ళు ఇవ్వరని ఆమెకు తెలుసు కాబట్టి తనే బస్సెక్కి పోయి ఇచ్చి వచ్చేది.

అరవింద్ అనే ఫోటోగ్రాఫర్ చాలా ఏళ్ళు అంచెట్టి కొండల్లో తిరిగి పశువుల కాపర్ల ఫోటోలు తీశాడు. బెంగళూరులో అతని మొదటి పెద్ద ప్రదర్శన. ఇన్నాళ్ళూ పత్రికలకు తీస్తూ పొట్టపోసుకున్న మనిషికి ఇక గోడ మీద పేరు నిలవాలా వద్దా అన్నది దీంతో తేలాలి. మాకూ అంతే. అతని పని బాగుంటే షెడ్డుకు ఇంకో పదేళ్ళు భయం లేదు. మునక్క మొదటిసారి స్పాటింగంతా నాకు అప్పజెప్పింది. ఫిల్ము నిండా అడవి ధూళే. రోజంతా కుంచె నాకుతూ చుక్కలు మూశాను. వాటిలో ఒక ఫోటోలో కెంపమ్మ అనే పెద్దామె కొట్టం వాకిట్లో దూడ పలుపు పట్టుకుని నిలబడి ఉంది. మొహం బొటనవేలి గోరంత. చుట్టూ చీకటి. ఆ మొహం మధ్యలో సూది మొనంత తెల్లచుక్క. భూతద్దం చేతికందేంత దూరంలోనే ఉంది. తీసుకోలేదు. ఎర్ర డబ్బా కన్ను కదా, తప్పు దొరికిందని సంబరపడింది. ప్రదర్శన ప్రింటులోనూ, కెంపమ్మకు ఇవ్వాల్సిన దాంట్లోనూ మూసేశాను, ఎంత బాగా మూశానో నాకే ముచ్చటేసింది.

ప్రదర్శన ప్రింట్లు బెంగళూరు వెళ్ళిపోయాక, కెంపమ్మ వంతు ప్రింటు తీసుకుని నేనూ మునక్కా అంచెట్టి బస్సెక్కాం. బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. కెంపమ్మ చేతులు చీరకు తుడుచుకుని కాగితం విప్పింది. చూసింది. దూడను చూసి నవ్వింది. తర్వాత బొమ్మను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది, నవ్వు పోయింది. అరుగు మీద కూర్చున్న మొగుడికిచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు.

"నేనింగా బతికే ఉండాను గదమ్మా" అన్నాడు మెల్లగా. "దీని ముక్కుపుడక యాడ పోయింది?"

మా వైపు పెద్దవాళ్ళలో మొగుడు పోయిన ఆడమనిషికి ముక్కుపుడక తీసేస్తారు. కెంపమ్మ ముక్కుపుడక ఆమె మొహం మీద మెరుస్తూనే ఉంది. నేను మూసింది ధూళిని కాదు, దాన్ని.

"ఎవురు చేసినారమ్మా ఇది?" అని కెంపమ్మ అడిగింది. మునక్క నేల చూస్తూ నిలబడింది. జీవితంలో ఆమె కదలకుండా నిలబడడం నేను చూసింది అప్పుడే. నేను చెప్పాలని ఆగిందని తెలుస్తూనే ఉంది.

"మిషన్లో ఏదో తప్పైనట్లుండాదమ్మా" అన్నాను.

తిరుగు బస్సు మూడు గంటల తర్వాత గానీ లేదు. బస్టాపు దగ్గర టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. మునక్క రోడ్డుకు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉంది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. తిట్టేవాళ్ళు తిట్టకపోతే అంతకు మించిన శిక్ష లేదు. బస్సెక్కి కూర్చున్నాక ఎంతోసేపటికి, కిటికీలోంచి బయటికి చూస్తూ వేలితో తన ముక్కు పక్కన రాసుకుంది. అప్పుడు చూశాను. అక్కడ చిన్న చిల్లు ఉంది, ఒట్టిది. మూడేళ్ళు ఆమె ఎదురుగా నిలబడి పనిచేశాను. ఇనుము మీద వెంట్రుకంత గీతను పట్టే కన్ను నాది. ఆ చిల్లును ఒక్కరోజు చూడలేదు.

"నాది మా అత్త తీసింది" అంది మునక్క. "ఆమెకు చెయ్యి వణకలేదు. నీకూ వణికుండదు." నా వైపు తిరిగి, "మిషన్‌కి చెయ్యి లేదమ్మా" అంది.

ఆ రెండు రోజులూ ఒకటే లెక్కలు. చెబితే అరవింద్ నన్ను పనికిరాదంటాడు. ఫ్యాక్టరీ పాయె, ఇదీ పాయె అని అమ్మ మొదలుపెడుతుంది. చెప్పకపోతే మునక్క మొహం చూడలేను. మూడోరోజు ఆమె కొత్త ప్రింటు నా చేతిలో పెట్టింది. ముక్కుపుడక చుక్క తళుక్కుమంటోంది.

"బస్సు ఆరున్నరకి" అంది.

"నువ్వు రావా అక్కా?"

"నాకు పనుండాది."

ఏ పనీ లేదని ఇద్దరికీ తెలుసు.

కెంపమ్మ కొట్టం ఊడుస్తోంది. ప్రింటు ఇస్తూనే, ఇక ఆగితే నోరు రాదని, "ఆ పొద్దు మిషన్ అని అబద్ధం చెప్పినాను. ధూళి అనుకొని నేనే నీ ముక్కుపుడక తుడిచేసినాను. తప్పైపోయిందమ్మా" అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"తెలుసులే" అంది ఆమె. "మిషన్ చేసుంటే నీ మొగం అట్ల ఎందుకైపోతుంది?" బొమ్మను దగ్గరగా చూసి మొగుడి వైపు తిప్పింది. "ఇదో చూడప్పా, బతికొస్తివి." ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు మజ్జిగిచ్చి, నేను తాగుతుంటే మెల్లగా అడిగింది. "బెంగళూర్లో గోడకు పెట్టేదాంట్లో నేను అట్లనే ఉండానా పాపా?"

బస్టాపు దగ్గర ఫోన్‌కు సిగ్నల్ దొరికే చోట నిలబడి అరవింద్‌కు చెప్పాను. మరుసటిరోజే ప్రదర్శన.

"అంత చిన్న చుక్క ఎవరికి కనిపిస్తుంది? వదిలేయండి" అన్నాడు.

నిజం చెప్పనా, ప్రాణం లేచొచ్చింది. తప్పు ఒప్పుకున్నాను, ఆయనే వదిలేయమన్నాడు, ఇంతకంటే ఏం కావాలి. సరే సార్ అని పెట్టేసి ఉంటే అయిపోయేది. కానీ కడుపులో మజ్జిగ ఇంకా చల్లగానే ఉంది.

"ఆమెకు కనిపించింది సార్" అన్నాను.

అతను ఫోన్ పెట్టేశాడు. ఆ ఫోటోను మాత్రం దించాడు. మునక్క మళ్ళీ ముద్రించి బస్సులో తీసుకెళ్ళి ఇచ్చేదాకా గోడ మీద ఆ చోటు ఖాళీగా ఉందట. తర్వాత రెండేళ్ళు మాకు పని పంపలేదు. ఆ రెండేళ్ళూ షెడ్డు ఎలా నడిచిందో మునక్కకే తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు, మెచ్చుకోనూ లేదు. ముక్కుపుడక లేని ప్రింటు తెచ్చి నా బల్ల ఎదురుగా మేకు కొట్టి తగిలించింది. "ఇది ఈడనే ఉండనీ" అంది. ఆమె కూతురి దగ్గర ఉండడానికి కృష్ణగిరికి వెళ్ళిపోయి, షెడ్డు నా చేతికి వచ్చాక కూడా అది అక్కడే ఉంది. గ్యాలరీలవాళ్ళు వచ్చి, దాన్నెందుకు పెట్టుకున్నారు, చీకటి ఎక్కువైంది కదా అంటారు. అవునంటాను.

కూతురు అడిగింది, నిజమే. కానీ బొమ్మలో ఉన్నది కూతురు కాదు. చల్లారిన టీ పారబోసి మునక్కకు ఫోన్ చేశాను. వెనక బస్సుల హారన్లు. ఆ మనిషి ఇంట్లో ఎక్కడ కూర్చుంటుంది, పొద్దున్నే బస్టాండు దాకా నడిచి వచ్చిందట.

"అక్కా, నీ బొమ్మలో ముక్కు పక్కన నల్లచుక్క ఉండాది. తీసెయ్యమంటా ఉండాది నీ బిడ్డ. ఏమి చేసేది?"

ఆమె అడుగులు ఆగిన చప్పుడు నాకు ఫోన్లోనే తెలిసింది.

"అది మూసుకొని పోకుండా ఇన్నేండ్లు నిద్రపొయ్యేటప్పుడు వేపపుల్ల పెట్టి కాపాడుకొన్నానే" అంది. "నువ్వు బ్లేడు పెట్టి గీకేస్తావా?"

గీకలేదు. బ్లేడును కాగితంలో చుట్టి సొరుగులో పెట్టాను. నాలుక మీద చేదు ఇంకా ఉంది. ఇంకో ప్రింటు బల్ల మీదికి తీసుకున్నాను, దాంట్లో ఎవరో పిల్లవాడి గడ్డం మీద ఒక తెల్లచుక్క. అది మూడొంతులు ధూళే. అయినా తీసినవాళ్ళ నంబరు వెతుకుతున్నాను.