చాప కింద నేల

నా భార్య పోయింది. మదనపల్లెలో ఒక ఆసుపత్రి వరండాలో ఈ మాట నర్సు నాకు చెప్పింది. ఆ తర్వాత ఫోనులో నేనే చాలామందికి చెప్పాను. ఆమె పుంగనూరులో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసేది. అక్కడ చదువుకున్నవాళ్లు కొందరైనా ఇది చదువుతారు. వాళ్లకూ, ఆమెను ఎరగనివాళ్లకూ కొంత చెప్పాలని ఉంది. పెద్ద మాటలంటే ఆమెకు నవ్వు. చిన్న సంగతులే చెబుతాను.

ఆ ల్యాబులో లినక్స్ ఉండేది. అప్పట్లో అందులో పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలదు. దాన్ని ఒక ఫోల్డరు మీదికి ఎక్కించమని యంత్రానికి చెప్పాలి. మౌంట్ చేయడం అంటారు. ఆ అధికారం యంత్రానికి యజమాని లాంటి ఒక్క ఖాతాకే ఉండేది. దాని పాస్‌వర్డు ఆమెకే తెలుసు. పిల్లలు పెన్‌డ్రైవ్ పైకెత్తి పట్టుకుని "మేడమ్, ఎక్కించండి" అనేవాళ్లు. ఆమె లేచి వెళ్లి, పాస్‌వర్డు కొట్టి, ఎక్కించి, తన కుర్చీ చేరేలోపు ఇంకో చేయి లేచేది.

సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అనేది: "పెన్‌డ్రైవ్ వాళ్లది, ఫైలు వాళ్లది. మధ్యలో నేను యాల?"

ఎందుకు అని అడిగే ఆ 'యాల' ఆమె సొత్తు. లారీకి నిమ్మకాయలు కడతారే, మన ఊరి లారీలకు టమోటాలు యాల కట్టరు అని మదనపల్లె టమోటా మార్కెట్టు దగ్గర ఒక డ్రైవరును నిలబెట్టి అడిగింది. అతను కాసేపు ఆలోచించి, "రసం కారతాది మేడమ్" అన్నాడు. ఆ జవాబు ఆమెకు బాగా నచ్చింది.

చివరికి ల్యాబు యంత్రాలన్నిటిలో ఒక్క వరుస రాసింది. ఈ ఫోల్డరు మీదికి మామూలు వాడుకరి కూడా తన డ్రైవును ఎక్కించుకోవచ్చు, దింపుకోవచ్చు. ఇంతే దాని అర్థం. వాళ్ల హెడ్ సారుకు భయం పట్టుకుంది.

"పిల్లోళ్ల చేతికి తాళాలిచ్చేస్తే ఎట్ల మేడమ్? వైరసొస్తే ఎవురు జవాబు సెప్పాల?"

"తాళాలు ఇయ్యలేదు సార్. ఇంటికొచ్చిన సుట్టం నట్టింట్లో కూసోని తినొచ్చు. వంటింట్లోకి వచ్చి పెత్తనం చేయకూడదు. అట్ల రాసినా."

నిజంగానే అలా రాసింది. పెన్‌డ్రైవులోని ఫైళ్లు చదవొచ్చు, కాపీ చేయొచ్చు. అందులోంచి ఏ ప్రోగ్రామూ నడవదు. హెడ్ సారు కొన్నాళ్లు ల్యాబు గుమ్మంలో నిలబడి చూసిపోయేవాడు. ఒకరోజు తన పెన్‌డ్రైవ్ తెచ్చుకుని, ఎవరినీ పిలవకుండా ఎక్కించుకుని, గర్వంగా చుట్టూ చూశాడట. ఇది చెప్పి ఆమె చాలాసేపు నవ్వింది.

మా ఇంటి కంప్యూటరులోనూ అదే పద్ధతి. విడి డిస్కు ఒకటి ఉండేది. దాన్ని ఎక్కించే ఫోల్డరుకు 'సంచి' అని పేరు పెట్టింది. సంచిని ఇద్దరం వాడుకునేలా చేసింది కానీ, యజమాని పాస్‌వర్డు మాత్రం నాకు చెప్పలేదు.

"నా ఇంట్లో నాకు అధికారం లేదా?" అన్నాను.

"దాంతో పని పడకుండా చేసినా గదప్పా, ఇంకేంది?"

తనూ ఎప్పుడూ మామూలు ఖాతాతోనే కూర్చునేది. "పెద్దరికం పనున్నప్పుడే ఏసుకోవాల. పొద్దస్తమానం ఏసుకుంటే ఉక్కపోస్తాది" అనేది.

ఆమె ఇంకో మాట పిల్లలకు బాగా తెలుసు. "దింపకుండా పీకొద్దు." కాపీ అయిపోయినట్టు కనిపించినా యంత్రం చేతిలో ఇంకా కొంత ఉంటుంది. దింపమంటేనే అది మొత్తం కింద పెడుతుంది.

సదుం నుంచి వచ్చే ఒక అమ్మాయి ప్రాజెక్టు పోయిందని ఏడ్చిన రోజు గురించీ చెప్పాలి. కాపీ చేశానంటుంది. పెన్‌డ్రైవులో లేదు. నా భార్య డ్రైవును దింపించి, ఇప్పుడు ఫోల్డరు తెరువు అంది. ఉంది. డ్రైవు ఎక్కించడం మరిచిపోయి వట్టి ఫోల్డరులోకే కాపీ చేసింది ఆ పిల్ల. తర్వాత డ్రైవు దాని మీద కూర్చుంది.

"చాప పరిస్తే నేల యాడికి పోతాదిమ్మా? కనపడదు, అంతే."

ఈ చాప సంగతి నాకు మళ్లీ అవసరమైంది.

నేను పట్టు పరిశ్రమ శాఖలో పనిచేశాను. ఒక సెలవు రోజు కుప్పం అవతల ఒక రైతు షెడ్డుకు వెళుతుంటే తనూ వచ్చింది. పట్టుపురుగులు చివరి మేతలో ఉన్నాయి. గుమ్మంలోనే ఆగిపోయింది. "బయట ఎండ, లోపల వానేంది?" అంది. వేల పురుగులు మల్బరీ ఆకు కొరుకుతుంటే రేకుల మీద సన్నని వాన పడినట్టే ఉంటుంది. నాకది అలవాటైన చప్పుడు. ఆమె ఫోను తీసి రికార్డు చేసుకుంది.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. కరెంటు వచ్చాక ఫోనులోని రికార్డును సంచిలోకి కాపీ చేసి, ఫోనులోంచి తీసేసింది. కొన్నాళ్లకు వెతికితే డిస్కులో లేదు.

"ఏమే, నీ వాన యాడ?" అని ఆటపట్టించేవాణ్ణి.

"పోదప్పా. పెట్టిన చోటే ఉంటాది."

వెతికింది. పోయిన ఫైళ్లను తిరిగి తెచ్చే ప్రోగ్రాములు డిస్కు మీద నడిపింది. దొరకలేదు. తర్వాత జబ్బు వచ్చింది. వాన మాట ఎవరమూ ఎత్తలేదు.

ఆమె పోయాక ఆ రికార్డు కావాలనిపించింది. ఫొటోలు ఉన్నాయి. గొంతు ఎక్కడా లేదు. ఎవరి మాటలైనా రికార్డు చేసేది కానీ, తనను చేయనిచ్చేది కాదు. డిస్కు మొత్తం తెరిచి చూశాను. పాత పురుగుల ఫొటోలు, ఆకు తెగుళ్లు, కాలేజీ ప్రశ్నపత్రాలు. అందులో లేదు.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరు మళ్లీ లేచింది. అలా లేచినప్పుడు డిస్కు దానంతటది ఎక్కదు, మనం ఎక్కించాలి. ఆ పని చేయబోతూ ఆగాను. కుప్పం నుంచి వచ్చిన రోజూ కరెంటు పోయి వచ్చింది. ఆమె డిస్కు ఎక్కించి ఉండదు. ఆ తర్వాత కంప్యూటరు పెట్టిన ప్రతిసారీ మేము మొదట చేసిన పని సంచి మీద డిస్కును పరచడమే.

ఎక్కించకుండా వట్టి సంచిని తెరిచాను. ఒకే ఒక్క ఫైలు. దాన్ని తెరవడానికి నాకు ఏ పాస్‌వర్డూ అక్కరలేదు. అలా చేసిపెట్టింది ఆమే.

సదుం పిల్లకు చాప చెప్పిన మనిషి తన ఇంట్లో చాప ఎందుకు ఎత్తి చూడలేదు? దీపం కింద చీకటి అంటే సరిపోతుంది. నాకు సరిపోలేదు. ఆమెనే అడగాలి. నేను అడిగితే తనూ ఆశ్చర్యపోయి, "అవును, యాల?" అనేది.

స్పీకరులో ఫైలు పెట్టాను. ముందు వాన. తర్వాత ఆమె. "ఇంత మేస్తాండాయే, పళ్లు యాడ ఉండాయి?" రైతు భార్య నవ్వు. "ఏలు పెట్టి సూడు మేడమ్." దూరం నుంచి నా గొంతు. "బస్సు పోతాది, రా."

"ఉండప్పా. దింపకుండా పీకొద్దు."

ఆ తర్వాత మాటలు లేవు. మేత చప్పుడు చాలాసేపు ఉంది. ఆపలేదు. కిటికీ అవతల పక్కింటి దర్జీ భార్య గబగబా మిద్దె మెట్లెక్కుతూ అరిచింది.

"సార్, వానొస్తాండాదా? గుడ్డలన్నీ పైనే ఉండాయి!"

నేను జవాబు చెప్పేలోపు ఆమె సగం గుడ్డలు తీసేసింది. వాటిని భుజం మీద వేసుకుని, ఒక చేయి బయటికి చాపి, ఎండలో నిలబడి ఆకాశం కేసి చూస్తోంది.