ముగ్గురూ, ఒక తోకా

నేను కొన్న మొదటి డిజిటల్ కెమెరాకు జూమ్ ఎక్కువ, నాకు ఓపిక తక్కువ. అమ్మినవాడు "దీంతో చంద్రుడి మీద గుంతలు కూడా కనపడతాయి సార్" అన్నాడు. కావలిలో మా వీధి గుంతలు కెమెరా లేకుండానే కనపడుతున్నాయి కాబట్టి, చంద్రుడి కోసమే కొన్నట్టు లెక్క. ఈ చంద్రుడి మాట మా అక్కావాళ్ల ఊళ్లో గొప్పగా చెప్పాను. అది తర్వాత నా మెడకే చుట్టుకుంది.

కాలేజీలో పాఠాలు చెప్పేవాడు మళ్లీ పాఠాలు వినాల్సి వస్తే ఎట్లా ఉంటుందో, ఫోనులో ఫొటోగ్రఫీ వీడియోలు చూస్తున్నప్పుడు అర్థమైంది. నా విద్యార్థుల మీద జాలి కూడా కలిగింది. వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలో చెప్పేది షట్టర్ స్పీడు. ఎంత వెడల్పు కంతలోంచి రావాలో చెప్పేది అపర్చర్. ఈ రెండూ చాలకపోతే, వెలుతురుకు కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ పెంచుకోవాలి. పెంచితే ముఖాల మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. ఇంతవరకు బాగానే ఎక్కింది. తర్వాత ఆ వీడియో గురువు ఇంకో సంగతి చెప్పాడు: ఫ్రేములో మనుషులు బేసి సంఖ్యలో ఉంటే అందం, అందులోనూ ముగ్గురైతే మరీ అందం.

ఆయనది మా జిల్లా కాదని అక్కడే తేలిపోయింది. మా వైపు ముగ్గురు కలిసి ఫోటో దిగరు. దిగితే ముగ్గురిలో ఒకరు దక్కరంటారు. తప్పనిసరైతే దొరికినవాణ్ణి నాలుగోవాడిగా నిలబెడతారు. మా అక్క పెళ్లి ఆల్బంలో అక్క, బావ, నేను ఉన్న ఫోటోలో నాలుగో ఆయన వంటమనిషి. చేతిలో గరిటె కూడా ఉంది. ఆయనెవరని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఎందుకున్నాడో అందరికీ తెలుసు. మేం క్రైస్తవులం, శకునాలు నమ్మం. నమ్మకపోయినా పాటిస్తే పోయేదేముంది అన్నది మా వాళ్ల వేదాంతం.

అక్కావాళ్ల ఊరు జువ్వలదిన్నె దాటాక, సముద్రం ఒడ్డునే. ఒక శనివారం తెల్లవారుజామున బావ, బావ తమ్ముడు, మాకు మామ వరసయ్యే పెద్దాయన, ముగ్గురూ ఫైబర్ బోటులో వేటకు బయలుదేరుతున్నారు. నేను కెమెరా మెడలో వేసుకుని ఇసుకలో దిగబడుతూ వెళ్లాను.

"ఏం బామ్మర్దీ, తుపాకీ తెచ్చినావే?" అన్నాడు బావ.

"కెమెరా బావా."

"మా మీదికే గదా గురి. రెండూ ఒకటేలే."

ముగ్గురూ బోటు ముందు వరసగా నిలబడ్డారు. నేను బటన్ మీద వేలు పెట్టేలోపు అక్క అరిచింది: "ఆగరా! ముగ్గురుండారు, కళ్లు కనపళ్లా?" బోటు పక్కన పడుకున్న నల్లకుక్కను చెవులు పట్టి లేపి తెచ్చి, మామ కాళ్ల పక్కన కూర్చోబెట్టింది. కుక్కకు ఫొటోగ్రఫీ మీద ఆసక్తి ఉన్నట్టు కనపడలేదు.

అన్నీ కెమెరాయే చూసుకునే ఆటోలో పెట్టి నొక్కి ఉంటే అయిపోయేది. కానీ ఆ రోజే మొదటిసారి, అన్నీ నేనే అమర్చుకునే మాన్యువల్‌లో తీద్దామని నాకు పుట్టింది. ఐఎస్ఓ పెంచాను. తెర అంతా తెల్లబడింది. షట్టర్ మార్చాను. అంతా నల్లబడింది. బటన్ సగం నొక్కితే ఫోకస్ గడి ఒకసారి మామ మీసం మీద, ఒకసారి వెనక అల మీద ఆగుతోంది.

"బియ్యం పొయ్యి మీద ఎక్కిచ్చి ఉంటే ఈపాటికి ఉడికి ఉండు" అన్నాడు మామ, పెదవులు కదపకుండా.

గడి ఆకుపచ్చ రంగుకు మారింది. నొక్కాను.

నేను తీసినవాటిలో మొదటి మంచి ఫోటో అదే. మూడు ముఖాలూ స్పష్టంగా, వెనక సముద్రం సీసం రంగులో. ఎడమ అంచున, ఫ్రేములోంచి వెళ్లిపోతూ, ఒక తోక.

అక్క తెర మీదికి వంగింది. "కుక్క యాడరా?"

"ఇదిగో."

"ఇది తోక."

"తోక ముందర కుక్క ఉంటుంది గదక్కా."

"ఉంటే ఉండాదిలే, ఫోటోలో ల్యా గదా!"

ఇంకొకటి తీద్దామని తలెత్తేసరికి వాళ్లు బోటును నీళ్లలోకి తోసేశారు. అక్క పిలవబోయి నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. వేటకు పొయ్యేవాళ్లను వెనక్కి పిలవకూడదు. ఒక నియమం దిద్దుకుందామంటే ఇంకో నియమం అడ్డం వచ్చింది. ఇద్దరం అట్లా నిలబడి, బోటు చిన్నదవుతుంటే చూశాం. కుక్క ఎటు పోయిందో చూడలేదు.

మధ్యాహ్నానికి ఊళ్లో మిగతా బోట్లన్నీ ఒడ్డుకు వచ్చాయి. అప్పటికి తూర్పు గాలి లేచింది. అక్క బోట్లను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాల్సిన అవసరం లేకుండా బావ బోటు నిలిపే చోటు ఖాళీగా కనపడుతోంది. ముగ్గురి ఫోన్లూ అందుబాటులో లేవని ఒకే ఆడగొంతు, ఒకే మర్యాదతో చెప్పింది. దూరంగా కృష్ణపట్నం వైపు పోయే ఓడ ఒకటి నింపాదిగా దాటింది. అంత పెద్ద ఓడకు కింద చిన్న బోటు తగిలితే తెలుస్తుందా అన్న ప్రశ్న ఒడ్డున ఉన్న ప్రతివాడి ముఖంలోనూ ఉంది.

సాయంత్రం మామ భార్య, మా అత్త, అక్కావాళ్ల ఇంటికి వచ్చింది. "పొద్దున ఫోటో తీసినావంట గదబ్బయా. చూపీ" అంది. చూపించాను. పెద్దది చేసి మామ ముఖాన్ని చాలాసేపు చూసింది. "గడ్డం గీసుకోమంటే వినడు" అంది.

అక్క గుమ్మం దగ్గర నిలబడి, "చెరిపెయ్‌రా దాన్ని. ముందు చెరిపెయ్" అంది.

"ఎందుకు చెరపడం?" అత్త కెమెరాను ఒళ్లోకి తీసుకుంది. "ఇందులో నా మొగుడుండాడు."

"నా మొగుడు మాత్రం ల్యా అందులో? అందుకే చెరపమంటా ఉండా."

చెరిపేముందు కెమెరా అడుగుతుంది, అవునా కాదా అని. ఆ రోజు ఆ ఇంట్లో అక్కది అవును, అత్తది కాదు.

పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. ఇట్లాంటి భయాలు విశ్వాసులకు తగవని అక్కను మెత్తగా మందలించారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, కళ్లజోడు తీసి పెట్టుకుని, "ఏదీ, ఒకసారి చూపించు నాయనా" అన్నారు. చూశారు. "తోక బాగానే కనపడతా ఉండాదే" అన్నారు. ఆ రోజు మాకు దొరికిన ఓదార్పు అదొక్కటే.

వెతకడానికి వెళ్లిన రెండు బోట్లు గాలికి తట్టుకోలేక తిరిగొచ్చాయి. ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు.

ఆదివారం ఆరాధనకు పోవాల్సిన వేళకు ఊరంతా ఒడ్డునే ఉంది. ఎవరో చెయ్యి చాచారు. నీటి మీద ఒక చుక్క.

"మన బోటేనా?"

"అంత దూరం నించి ఏం తెలస్తాది?"

"కెమెరా తెమ్మనండ్రా ఆయన్ని. చంద్రుడే కనపడతాడంట గదా!"

పరిగెత్తి తెచ్చాను. అక్క నా భుజం పక్కన నిలబడి, "తలలు లెక్కపెట్టు" అంది.

మొదటి ఫోటో తెల్లకాగితంలా వచ్చింది. నిన్నటి చీకటికి పెంచిన ఐఎస్ఓ అట్లాగే ఉండిపోయింది. తగ్గించాను. జూమ్ చివరిదాకా లాగితే నా ఊపిరికే సముద్రం ఎగిరి పడుతోంది. రెండో ఫోటోలో ఉన్నది బోటో గీతో చెప్పలేం. గురువు చెప్పిన పాఠాలన్నీ ఒక్కసారిగా గుర్తు చేసుకున్నాను. పక్కనున్న బోటు అంచు మీద మోచేతులు ఆనించాను. షట్టర్ స్పీడు పెంచాను. ఊపిరి బిగబట్టి నొక్కాను.

బోటు నీలం రంగు. బావదే. అందులో రెండు తలలు.

ఇంకాస్త పెద్దది చేశాను. రెండే.

"ఎంతమందిరా?" వెనక నించి అత్త అడిగింది.

అక్క నా చేతిలో తెరను చూస్తూనే ఉంది. "ఇంకా కనపళ్లా అత్తా" అంది. గొంతులో తేడా ఏమీ లేదు. కళ్లు మూసుకుని ఏదో ప్రార్థించింది. ముగ్గురిలో ఎవరు లేకుండా ఉండాలని ప్రార్థించిందో నేను ఇప్పటిదాకా అడగలేదు. అత్త చెయ్యి అక్క చేతిలోనే ఉంది.

మళ్లీ నొక్కాను. రెండు. మళ్లీ నొక్కాను. బోటు మధ్యలోంచి మూడో మనిషి లేచి, డబ్బాతో నీళ్లు బయటికి విసురుతున్నాడు. కెమెరాను నమ్మలేక ఇంకో నాలుగైదు తీశాను. అన్నిట్లోనూ ముగ్గురే.

బోటు ఒడ్డుకు చేరాక చెప్పారు, ఇంజను ఆగిపోయిందట. ఎక్కడో చీలి నీళ్లు వచ్చాయట. టార్పాలిన్ పట్టాను తెరచాపలా కట్టుకుంటే, మమ్మల్ని అంత భయపెట్టిన తూర్పు గాలే వాళ్లను ఒడ్డుకు తోసిందట. బావ గొంతు బొంగురుపోయింది. నన్ను చూసి, "ఇంకా గురి దించలేదా బామ్మర్దీ?" అన్నాడు.

అన్నాలు తిన్నాక ముగ్గురూ కెమెరా చుట్టూ చేరారు. రెండు తలల ఫోటో దగ్గర బావ ఆగిపోయాడు. "ఇదేంది, ఇద్దరమే ఉండామే?"

"ఒకరు వంగి నీళ్లు తోడతా ఉన్నారు బావా."

"ఎవురు?"

"మీరే చెప్పాల."

"ఈ నిలబడింది నేను" అన్నాడు బావ.

"కాదన్నా, అది నా చొక్కా" అన్నాడు తమ్ముడు.

"వెనకుండేది నేను గాక ఇంకెవురు? చుక్కాని నా చేతిలో గదా ఉండింది" అన్నాడు మామ.

పెద్దది చేశాను. తలలు గడులు గడులుగా విడిపోయాయి. రాత్రంతా వంతులేసుకుని తోడామని ముగ్గురూ ఒప్పుకున్నారు. ఆ ఒక్క క్షణం మాత్రం ఎవరూ తోడలేదు.

"ముగ్గురూ నిలబడే ఉంటే కనపడనోడు ఎవురు?" అంది అక్క.

బావ కెమెరా నా చేతికిచ్చి, "ఇవన్నీ వద్దులే. సరైనది ఒకటి తియ్యి. ఈసారి కుక్కను పూర్తిగా పెట్టి" అన్నాడు.

మామ వాకిట్లోకి వెళ్లి కుక్కను పిలిచాడు. నేను ఆటోలోనే పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. ముగ్గురూ గోడవారగా నిలబడి, నాలుగోదాని కోసం చోటు వదిలారు. అక్క ఒడ్డుదాకా వెళ్లి చూసి వచ్చింది. ఇరుగుపొరుగును అడిగితే, నిన్న పొద్దున కుక్కను బోటు దగ్గర చూడటమే, తర్వాత ఎవరికీ కనపడలేదన్నారు.

మామ ఇంకోసారి పిలిచాడు.