ఉప్పుటేటి నీళ్లని చూపించిన సీసా

ఒక చిన్న సీసాడు నీళ్ల గురించి అబద్ధమాడాను. ఏళ్లు గడిచినా ఆ బరువు దిగలేదు. మీకే మొదటిసారి చెబుతున్నాను.

మాది జహీరాబాద్. అప్పట్లో సముద్రం దగ్గర రొయ్యల చెరువుల్లో నీళ్లు పరీక్ష చేసేవాణ్ణి. మా పక్కనున్న న్యాల్‌కల్ నుంచి బస్వరాజును అక్కడికి కాపలా పనికి తీసుకెళ్లింది కూడా నేనే.

ఒక రోజు తుఫాను వచ్చి షెడ్డు రేకులు పీకేసింది, కరెంటు స్తంభాలు విరిచేసింది. వాననీళ్లు నిండి చెరువుల్లో రొయ్యలకు కావలసిన ఉప్పు తగ్గిపోయింది. పక్కనున్న ఉప్పుటేటి నీళ్లు పెట్టవచ్చేమో చూడమన్నాడు యజమాని. తుఫాను ఏటి అడుగు బురదను తిరగేస్తే ఆ నీళ్లలో ఆక్సిజన్ ఉండదని నాకు తెలుసు. ఏటి ఒడ్డునే సీసా నింపి, వెంటనే మందు చుక్కలు వేయాలి. గోధుమరంగు వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా ఉంటే లేనట్టు. ఆ ఒడ్డేమో విరిగి పడుతోంది. చెరువు నీళ్లే ముంచి, గోధుమరంగు చూపించి, ఏటివే అన్నాను. భయమా, బద్ధకమా? భయమేనని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, గంటకు గాలి తగ్గింది, అప్పుడైనా వెళ్లి ఉండవచ్చు, వెళ్లలేదు.

నా మాట నమ్మి తూము ఎత్తి ఏటి నీళ్లు పెట్టారు. మధ్యాహ్నానికి రొయ్యలన్నీ చచ్చాయి. కాపలా ఉన్న బస్వరాజే విషం కలిపాడని యజమాని మనుషులు అతన్ని బురదలో పడేసి ఇనుప గొట్టాలతో బాదారు. మోచేయి విరిగిన చప్పుడు విన్నాను. నోటి నిండా రక్తంతో నావైపే చూసి అరిచాడు. ఒక్క మాట చాలు, ఆగిపోయేవాళ్లు. ఆ మాట అంటే గొట్టాలు నావైపు తిరుగుతాయి. నోరు తెరవలేదు. వాళ్లు కొట్టి అలిసిపోయాక ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాను.

ఇప్పుడతను జహీరాబాద్‌లో అల్లం అమ్ముతాడు. ఆ చేయి చాచలేడు. మొన్న నన్ను చూసి బండి వదిలి వచ్చాడు.

"అన్నా, ఆ దినం నువ్వు దవాఖానకు తీస్కపోకుంటే నా పానం పోతుండె."

"గా సంగతి ఇడ్సిపెట్టు బస్వరాజూ."

"ఎట్ల ఇడుస్త అన్నా? అందరు కొడ్తుంటె నువ్వొక్కనివే నన్ను నమ్మినవు."

నమ్మడమేమిటి, నాకు తెలుసు. అతను చేతిలో పెట్టిన అల్లం తీసుకుని తలవంచుకుని వచ్చేశాను. ఛీ, ఏం మనిషిని నేను! రేపైనా అతని ముందు నిజం చెబుతానా? మాట ఇవ్వలేను. ఇక్కడ రాసినందుకే కాస్త తేలికగా ఉంది. బస్వరాజు ఏ విషమూ కలపలేదు. అతని చేయి విరగ్గొట్టింది నేను.