మీరా హుస్సేన్ గారి సవరణ

వినుకొండలో మీరా హుస్సేన్ గారి ముందు అబద్ధమాడడం ఎంత కష్టమో, నిజం చెప్పడమూ అంతే కష్టం. దానికీ ఓ సవరణ వేస్తారు. ‘మిరపనాడు’ వారపత్రికకు సంపాదకుడు, విలేకరి, ప్రూఫురీడరు అన్నీ ఆయనే. పెళ్లి భోజనాల్లో ఎవరైనా "వెయ్యిమంది వచ్చారండీ" అంటే చాలు, విస్తరి ముందునుంచే "సవరణ! ఆరువందల ఇరవై" అని కేక. ఇంట్లో ఆయన భార్య ఖుర్షిదా బేగం "పది నిమిషాల్లో వడ్డిస్తా" అనడం ఎప్పుడో మానేసింది.

రెండువేల నాలుగులో కాగితం ధర పెరిగింది. విత్తనాల కొట్ల ప్రకటనలేమో పెద్ద పత్రికలకు తరలిపోయాయి. కంప్యూటర్ ఆపరేటరు అఖిల ఉపాయం చెప్పింది.

"సార్, వెబ్‌సైటు పెట్టి పెళ్లి సంబంధాలు వేద్దాం. ప్రకటనకు రెండొందలు."

ఉగాదిలోగా అది నిలబడకపోతే పత్రిక మూతే. మొదటి వారమే ముప్పై ప్రకటనలొచ్చాయి. ఆయన ఊరుకుంటారా? మోపెడ్ మీద ఊరూరా తిరిగి వాకబు చేసొచ్చారు. మర్నాడు సైటులో పడింది: "సవరణ: వరుడు చీమకుర్తి క్వారీలో మేనేజరు కాదు. గేటు దగ్గర లారీ నంబర్లు రాస్తాడు. కుర్రాడు బుద్ధిమంతుడు."

వరుడి తండ్రి బుల్లయ్య ఊగిపోతూ వచ్చాడు.

"ఏందయ్యా, డబ్బులిచ్చి మరీ పరువు తీయించుకోవాలా?"

"సవరణ. పరువు తీసింది నేను కాదు, మీరు రాయించిన ‘మేనేజరు’."

అఖిల తల పట్టుకుంది. ప్రకటనలు పదికి పడిపోయాయి. చిత్రమేమిటంటే, ఆడపిల్లలవాళ్లు మాత్రం ఒంగోలు నుంచి కూడా ఫోన్లు చేయసాగారు. "అమ్మాయ్, సవరణ పడని సంబంధం ఏదన్నా ఉందా?" మీరా హుస్సేన్ వేశాడంటే కళ్లు మూసుకుని పిల్లనివ్వొచ్చన్న పేరొచ్చింది. ఆ పేరు మీదే ప్రకటనలు మళ్లీ పెరిగి, ఉగాది దాటింది పత్రిక.

అంతలో దెబ్బ అఖిలకే తగిలింది. అదే సైటులో కుదిరిన సంబంధం. నిశ్చితార్థానికి రెండు రోజుల ముందు మగపెళ్లివారు కారణం చెప్పకుండా వద్దన్నారు. కారణాలకు ఊళ్లో కొదవా? "పిల్లలోనే ఏదో ఉండుంటుందిలే" అన్నారు. అఖిల ఆఫీసుకు రావడం మానేసి, ఇంట్లో కూర్చుని ఏడ్చింది.

శుక్రవారం పత్రిక మొదటి పేజీలోనూ, సైటు నెత్తినా పెద్దక్షరాల్లో పడింది: "సవరణ: చిరంజీవి అఖిల జన్మనక్షత్రం మేము తప్పుగా వేశాం. జాతకాలు కుదరక సంబంధం తప్పింది. తప్పు పూర్తిగా సంపాదకుడిది."

బుల్లయ్యకు పండగే అయింది. "నా కొడుకు ఉద్యోగం దిద్దావు, నీ తప్పు దిద్దుకోలేకపోయావా? ఇంక నిన్నెవరు నమ్ముతారయ్యా?"

"నిజమే, బుల్లయ్యా" అన్నారాయన, తల వంచుకుని. జీవితంలో మొదటిసారి సవరణ లేకుండా.

అఖిల పరుగున వచ్చింది.

"సార్! ఆ ప్రకటన టైపు చేసింది నేనే. రోహిణి అని సరిగ్గానే వేశాను!"

"ఊఁ."

"మరి దీనికి సవరణ వేయొద్దా?"

ఆయన కళ్లజోడు తీసి, తుడిచిందే తుడిచారు.

"స్థలం లేదమ్మా."

వెబ్‌సైటులో స్థలానికి కరువా! అఖిల కళ్లు తుడుచుకుని, నవ్వు ఆపుకుంటూ వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది.