నా బొటనవేలి సిపాయిలు

ఆ రోజుల్లో మా పాలమూరు జిల్లాలో జబ్బు తనంతట తాను వచ్చేది కాదు, ఎవరో ఒకరు పంపితేనే వచ్చేది. కడుపునొస్తే దిష్టి, జ్వరమొస్తే గాలి, ఒళ్లంతా పొక్కులొస్తే అమ్మోరు. రోగి పని దుప్పటి కప్పుకొని పండుకోవడం, మిగతావాళ్ల పని యాపమండలు తేవడం. ఒంటి లోపల మన తరఫున కూడా కొట్లాడేవాళ్లున్నారని మాకు ఎవరూ చెప్పలేదు. నాకు ఆ సంగతి పంతొమ్మిదో ఏట తెలిసింది, అదీ నా బొటనవేలు పుణ్యాన.

నిజాం సర్కారు చివరి రోజులవి. మగ్గాల ఇంట్లో పుట్టి కూడా నాకు నాడె, అదే అడ్డపోగును మోసే కండె, విసరడం రాలేదు. (నేను విసిరిన నాడె ఒకసారి కిటికీలోంచి దూసుకుపోయి పక్కింటి పప్పుకుండలో పడింది. సాక్షులు ఇంకా బతికే ఉన్నారు.) అందుకని పాలమూరులో ఒక చిన్న దవాఖానలో నౌకరీకి కుదిరాను. సీసాలు కడగడం, ఖుర్దుబీను తుడవడం నా పని. ఖుర్దుబీనంటే కంటికి కనపడని వాటిని పెద్దగా చేసి చూపే ఇత్తడి గొట్టం. దవాఖాన మొత్తం నా భుజాల మీదే నిలబడిందని మా ఊరికి పోయినప్పుడల్లా చెప్పేవాణ్ని. ఒకరోజు మందుల పెట్టె విప్పుతుంటే చెక్కపేడు బొటనవేలిలో దిగింది. చెప్తే కోస్తారని దాచాను. మూడో నాటికి వేలు వంకాయంత అయింది. నాలుగో నాటికి నేను దాన్ని మోస్తున్నానో అది నన్ను మోస్తోందో తెలియకుండా పోయింది.

"ఏం దాస్తున్నవ్ మియా? చెయ్యి చూపెట్టు" అన్నాడు డాక్టర్ సాబ్. చూపెట్టాను, కోశాడు. నేను వేసిన కేకకు టేషన్ దగ్గరి టాంగా గుర్రాలు దేవరకద్ర దాకా పారిపోయాయని టాంగావాళ్లు చెప్పారు. ఆయన మాత్రం తాపీగా నా చీము చుక్కను అద్దం బిళ్ల మీద పెట్టి, ఖుర్దుబీను కిందికి నెట్టి, "ఏడ్చింది చాలు, ఇగ చూడు" అన్నాడు.

మొదట నా కనురెప్పల వెంట్రుకలే కనపడ్డాయి. తర్వాత, ఏమని చెప్పను, వందల కొద్దీ తెల్లటి గుండ్రటి బుడిపెలు, నీళ్లలో నానిన సగ్గుబియ్యం లెక్క. అన్నీ కదలకుండా పడి ఉన్నాయి. ఒక్కటి మాత్రం కదిలింది. కాలు లేనిది ఒంటినే కాలు చేసి సాచింది. నల్లటి చుక్క ఒకటి పక్కన ఉంటే దాని దగ్గరికి పాకింది. తొందర లేకుండా దాన్ని చుట్టుకుంది. నోరు లేనిది ఒంటినే నోరు చేసి మింగేసింది. నా వేలి నొప్పి ఎటు పోయిందో తెలియదు.

"తెల్ల కణాలు. నీ నెత్తుట్లనే తిరుగుతుంటయ్. పేడుతోని పురుగులు లోపలికొచ్చినయ్. ఇవి కబురందుకొని నెత్తుటి నాళాల గోడలకెల్లి సందు చేసుకొని వచ్చినయ్. చీమంటే ఖరాబు నెత్తురనుకున్నవా? నీ కోసం కొట్లాడి చచ్చిన సిపాయిలు."

"ఎవరు పంపిన్రు సాబ్?"

"ఎవ్వరు పంపలే. నువ్వు నిద్రపోతుంటే అవే వచ్చినయ్."

ఆ మాటకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పుట్టి పంతొమ్మిదేళ్లయినా నా కోసం ప్రాణం ఇచ్చినవాళ్లు ఒక్కరూ లేరనుకున్నాను, ఒక్క వేలిలోనే ఇంతమందా! చీము దూదిని చెత్తలో వేయడానికి చేతులు రాలేదు. దవాఖాన వెనక తంగేడు చెట్టు కింద గుంత తవ్వి, పాతిపెట్టి, రెండు పూలు వేసి, దండం పెట్టాను. వారం రోజులు దవాఖానంతా నన్ను చూసి సలాం కొట్టి నవ్వింది.

ఆ నవ్వులు ఆగకముందే ఆత్మకూరు పక్కనున్న మా ఊరి నుంచి కబురొచ్చింది. పొరుగూర్లో అమ్మోరు వచ్చింది, రెండిళ్లల్లో పిల్లలు పోయారు. మా ఇంట్లో ఆరేళ్ల చెల్లె ఉంది, టీకా వేయలేదు. టీకాలాయన వస్తే మా అవ్వ దాన్ని కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో దాచి, పైన కూర్చుని నేస్తూ "పిల్లలెవ్వరు లేరయ్యా" అనేదట. డాక్టర్ సాబ్ నన్ను టీకాలాయన వెంట పంపాడు.

పోయేసరికి అవ్వ నేస్తోంది. గుంతలోంచి తుమ్ము వినపడింది.

"అవ్వా, చెల్లెను బయటికి పిలువు."

"రోగాన్ని సూదికి రాసి నా మనుమరాలి ఒంట్ల పెడ్తవా? సీసాలు కడిగెటోనికి ఇంత ధైర్నమా!"

నేను నా బొటనవేలు చూపించి సిపాయిల కథంతా చెప్పాను. (నా కథలో సిపాయిలకు మీసాలు కూడా ఉన్నాయి.) అవ్వ విని, చెయ్యి ఆపకుండానే అంది: "అంతమంది లోపల్నే ఉంటే ఇగ టీకా ఎందుకురా?"

డాక్టర్ సాబ్ చెప్పింది గుర్తు తెచ్చుకొని తడబడుతూ అన్నాను: "కొత్త రోగాన్ని గుర్తువట్టి తయారయ్యేసరికి సిపాయిలకు రోజులు పడ్తయవ్వా. అందాక పిల్ల ఆగది. టీకాల ఉన్నది అసలు అమ్మోరు కాదు, దాని పోలికది. ముందే చూపెడితే..."

మగ్గం ఆగింది.

"నమూనా లెక్కనా? కొత్త అంచు మొదటిసారి నేసేటప్పుడు నెల పడ్తది, పోగులు తెగుతయ్, తప్పులు వోతయ్. రెండోసారి కండ్లు మూసుకున్నా చెయ్యే నేస్తది. గట్లనేనా?"

నాకు అంతకుముందు తట్టనే లేదు. అయినా, అదే కదా ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నది అన్నట్టు తలూపాను.

అవ్వ కాళ్లు పైకి తీసుకుంది. "రాయే పొల్లా!" చెల్లె వచ్చింది, దాని వెనక వాడకట్టు పిల్లలు పదిమంది వచ్చారు. (గుంతలో ఇద్దరికి మించి పట్టరంటే నేనేం చేసేది? నేను లెక్కపెట్టాను.) అవ్వ ముందుగా తన చెయ్యే చాపింది: "ముసలి సిపాయిలకు కూడా ఒకసారి చూపెట్టు."

వారానికి చెల్లె చేతి మీద పొక్కు లేచింది, ఒళ్లు కాలింది. ఇరుగుపొరుగు పసరు పట్టుకొస్తే అవ్వ గుమ్మంలో అడ్డం నిలబడింది: "లోపట నేర్చుకుంటున్నరు, లొల్లి చెయ్యకుర్రి." నెల తర్వాత అమ్మోరు మా వాడకట్టుకు వచ్చింది. మా గడప తొక్కి, చెల్లెను చూసి, వెనక్కి పోయింది.

ఒకసారి చూసిన రోగాన్ని ఏళ్ల తరబడి మరువని కణాలుంటాయని ఎంతో కాలానికి ఎక్కడో చదివాను. చదువుతుంటే మగ్గం చప్పుడు వినపడింది. ఎవరితోనూ ఎదురుగా ఒక్క మాట అనలేని పిరికివాణ్ని నేను, నా లోపల మాత్రం ఈ ఘడియకూ ఎవరో కొట్లాడుతూనే ఉన్నారు.

మొన్న మళ్లీ వేలికి ముల్లు విరిగి చీము పట్టింది. చూడవచ్చిన చెల్లె, ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి, చేతి మీద ఆ మచ్చ అట్లనే ఉంది, "అన్నా, మల్ల పాతిపెడ్తవా ఏంది?" అని పకపకా నవ్వింది. ఈ వయసులో ఆ పిచ్చి ఎక్కడిదని నేనూ నవ్వాను. ఆమె చాయ పెట్టడానికి లోపలికి పోగానే, చీము తుడిచిన దూది పట్టుకొని మెల్లగా పెరట్లో మల్లెపాదు దగ్గరికి నడిచాను.