కోటు జేబుల్లో కాయం

నిరుడు వేసవిలో కెనడాలోని సార్నియా నుంచి హాలిఫాక్స్‌కు, అద్దెకు తీసుకున్న నాలుగు సీట్ల విమానాన్ని నేనే నడుపుతూ, నా భార్యనూ వదినగారినీ తీసుకుని వెళ్లాలని నిర్ణయించుకున్నాను. అక్కడ మా వదినగారి అమ్మాయి ప్రసవించింది. మనుషులు, సంచులు, ఇంధనం కలిపి బరువు సరిగ్గా పరిమితి అంచున ఉంది. ఎన్నిసార్లు లెక్కించినా మనసు కుదుటపడలేదు.

బయలుదేరే ఉదయం వదినగారు చలికోటుతో వచ్చారు.

"ఈ ఎండలో కోటెందుకు వదినగారూ?"

"బ్యాగ్ బరువు తగ్గించమన్నారు, తగ్గించాను. కోటు గురించి చెప్పలేదుగా మరిదిగారూ!"

జేబుల నిండా బాలింతకు చేసిన కాయం, నేతి సీసాలు. నా భార్య నవ్వింది. అంత బరువుతో విమానం సురక్షితంగా లేవదన్నాను.

"అయితే ఇవి రాకపోతే నేనూ ఆగిపోతా," అన్నారు వదినగారు.

చివరకు ఇంధనం తక్కువ నింపించి, దారిలో మరోచోట దిగి మళ్లీ నింపుకునేలా ప్రణాళిక మార్చాను. క్షేమంగానే చేరాం.

పెద్దలను తూకం ఎక్కమనడం అమర్యాదని అప్పటిదాకా నాకున్న సంకోచం ఆ రోజుతో పోయింది. ఇప్పుడు విమానం ఎక్కించే ముందు ఎవరినైనా కోటుతో సహా తూస్తాను.