హలీనా అవ్వ వంటిల్లు

శ్రీవాణి ఖార్కివ్‌లో డాక్టర్ చదువు మూడో ఏడాదిలో ఉన్నప్పుడు యుద్ధం మొదలైంది. ఆరు రోజులు సెల్లార్‌లో తలదాచుకొని, రైలు దొరికిన కాడికి రైల్లో, దొరకనికాడ నడిచి, సరిహద్దు దాటి, విమానమెక్కి సొంతూరు మహబూబ్‌నగర్ చేరింది. తర్వాత పాఠాలు ఫోన్‌లోనే. ఆ చదువు ఇక్కడ చెల్లుతదో లేదో చెప్పేటోళ్లు లేరు. పొద్దంతా ఒక చిన్న దవాఖానలో పేషెంట్లకు ఓపీ చీటీలు రాసి, సాయంత్రం ఇంటికొచ్చి బొమ్మలేసేది. తండ్రి గాలయ్య దుకాణాలకు బోర్డులు రాసే పెయింటర్. ఫ్లెక్సీలొచ్చి పని పోయింది గాని కుంచెలు పోలేదు.

"బాంబులు చూసినవా బిడ్డా?" అని చుట్టాలు అడిగితే బొమ్మల పుస్తకం ముందు పెట్టేది. అందులో బాంబులు లేవు. కిటికీ అద్దాలకు టేపు అంటిస్తున్న ముసలామె, మెట్రో మెట్ల మీద పిల్లిని ఒళ్లో పెట్టుకొని కూసున్న మనిషి, మైనపువత్తి వెలుగులో తెల్లంగీకి ఎర్రదారంతో పూలు కుడుతున్న చేతులు. రెండు పేజీలు తిప్పి, చాయ్ తాగి పోయేటోళ్లు.

టేపు అంటిస్తున్న ఆ ముసలామె హలీనా. శ్రీవాణి కిరాయికున్న ఇంటామె. అవ్వా అని పిలిస్తే పలికేది. వారానికోసారి ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపేది: ఇయ్యాల మూడు గంటలే కరెంటు, పక్కింటి గ్యాస్ మీద బీట్‌రూట్ చారు కాసిన. శ్రీవాణి అది గీసి పంపేది.

యుద్ధం మొదలైనంక మూడో చలికాలం, రెండు వారాలు అవ్వ మాటే లేదు. ఆ తర్వాత వచ్చింది.

"ఇల్లు కూలింది బిడ్డా. చెల్లెలి ఊళ్లె ఉన్న. ఒక్క ఫోటో గూడ మిగల్లే. నా వంటిల్లు గీసి పంపుతవా?"

శ్రీవాణి కాగితం ముందు కూసుంది. పొయ్యి, గూట్లో జాడీలు, దేవుని పటం మీద కుట్టుపూల తువ్వాల వచ్చినయి. అక్కడ ఆగింది.

"నాయినా, రెండేండ్లు ఆ ఇంట్ల తిన్న. కిటికీ పరద రంగు యాదికొస్తలేదు."

"యాదికి రానికాడ ఖాళీ ఇడువు," అన్నడు గాలయ్య. "ఉత్తగ రంగేస్తే ఆమెకు తెల్వదా?"

నాలుగు సాయంత్రాలు పట్టింది. పరద తెల్లగనే ఉంచి పంపింది. తెల్లారి జవాబొచ్చింది.

"పొయ్యి జర కిటికీ దిక్కుండె. పరద పసుపు, ఎండకు వెలిసింది." మాట చివర అడిగింది: "ఇంకోసారి గీస్తవా?"

ఆ రోజు దవాఖానలో కుర్చీ లేక ఎనిమిది గంటలు నిలబడింది. కాళ్లు గుంజుతున్నయి. "గీస్త అవ్వా," అన్నది. గాలయ్య పసుపులో కొంచెం తెలుపు, చిటికెడు మట్టిరంగు కలిపి ఇచ్చిండు.

ఆ రెండో బొమ్మను అవ్వ ప్రింటు తీయించి చెల్లెలింటి గోడకు అంటించుకుంది. తర్వాతి వారం పంపిన మాటలో దాని ఊసెత్తలేదు. ఆ ఊరి ఆలుగడ్డలు ఎంత ఉడికించినా తన ఇంట్ల లెక్క మెత్తబడతలేవని చెప్పింది. శ్రీవాణి రెండుసార్లు విన్నది. ఈసారి అది గీయబుద్ధి కాలేదు. అన్నం గూడ తినకుండ పండుకుంది.